పాస్‌పోర్టు ఇంకా చేతికి రాలేదు, ఓడ ఎక్కే రోజు దగ్గరపడింది: ఏం చేయాలి?

నల్లగొండ బస్టాండు దగ్గర ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే చిన్న షాపు మాది. సెలవులకు నెల రోజుల ముందు నుంచి ఒకే ప్రశ్న వినిపిస్తుంది. మిర్యాలగూడ నుంచి వచ్చినవారు అడుగుతారు, దేవరకొండవారు అడుగుతారు, జడ్చర్ల నుంచి ఫోను చేసి మరీ అడుగుతారు: "క్రూజ్ బుక్ చేసుకున్నాం. పాస్‌పోర్టు ఇంకా రాలేదు. ఆధార్ చూపిస్తే ఓడ ఎక్కనిస్తారా?"

కొందరిని ఎక్కనిస్తారు, కొందరిని ఎక్కనివ్వరు. మీరు ఎక్కే ఓడ ఏ రేవుల్లో ఆగుతుందన్నదే దాన్ని తేల్చేస్తుంది. డబ్బు కట్టేటప్పుడు చాలామంది గది ఫొటోలు, భోజనాల జాబితా చూస్తారు గానీ రేవుల జాబితా చదవరు. మనకు సముద్రం దూరం. రైలు టికెట్టు, బస్సు టికెట్టు అలవాటున్నంతగా ఓడ కాగితాలు అలవాటు లేవు. అందుకే మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తున్నాను.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఓడ బుకింగ్ కాగితం. మొత్తం పేజీలు కావాలి, డబ్బు కట్టిన రసీదు ఒక్కటే చాలదు.
- ప్రయాణించే ప్రతి ఒక్కరి ఆధార్, ఓటరు కార్డు, ఉంటే డ్రైవింగ్ లైసెన్సు. అన్నీ అసలువి.
- పిల్లలకు జనన ధ్రువపత్రం.
- పాస్‌పోర్టు కేంద్రం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చిన రసీదు. ఫైలు నంబరు దాని మీదే ఉంటుంది.
- పదో తరగతి మెమో. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

1. ఓడ దారిని రేవు రేవునా చదవండి

బుకింగ్ కాగితంలో రోజువారీ పట్టిక ఉంటుంది. అందులో ప్రతి రేవు పేరు కింద గీత గీయండి. ముంబయి, గోవా, కొచ్చి, లక్షద్వీప్, చెన్నై, విశాఖపట్నం, పుదుచ్చేరి వంటి పేర్లు మాత్రమే ఉంటే అది దేశీయ ప్రయాణం. పాస్‌పోర్టు లేకపోయినా ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డుతో వెళ్ళవచ్చు. ఏ రేవులోనూ ఆగకుండా నడిసముద్రంలో తిరిగి, బయలుదేరిన రేవుకే వచ్చే రెండు మూడు రోజుల ప్రయాణాలు కూడా ఉంటాయి. వాటికి ఏ కార్డు అడుగుతారో బుకింగ్ నిబంధనల్లో చూసుకోండి.

ఒక్క విదేశీ రేవు ఉన్నా లెక్క మారిపోతుంది. చెన్నై నుంచి శ్రీలంక వెళ్ళే క్రూజ్ 2023 జూన్‌లో మొదలైంది. హంబన్‌తోట, ట్రింకోమలీ, కంకేసన్‌తురై రేవుల పేర్లు కనిపించాయంటే అది విదేశీ ప్రయాణమే, పాస్‌పోర్టు తప్పనిసరి. "మేము శ్రీలంకలో దిగం, ఓడలోనే కూర్చుంటాం" అని మా దగ్గరికి వచ్చిన పెద్దాయన ఒకరు గట్టిగా వాదించారు. ఆయన తర్కం నాకు అర్థమైంది గానీ నిబంధన అలా లేదు. చెన్నై రేవులో ఓడ ఎక్కకముందే వలస (ఇమ్మిగ్రేషన్) తనిఖీ జరుగుతుంది. పాస్‌పోర్టు లేనివారిని అక్కడే ఆపుతారు.

లక్షద్వీప్ మన దేశంలోనిదే అయినా అక్కడ అడుగు పెట్టడానికి మనకూ ప్రవేశ అనుమతి కావాలి. ఆ అనుమతి ఓడ కంపెనీ తీసుకుంటుందా, మనమే తీసుకోవాలా అని బుకింగ్ చేసినవారిని అడిగి, జవాబును రాతపూర్వకంగా తెప్పించుకోండి.

2. దేశీయ ప్రయాణమైతే కార్డులు సరిచూసుకోండి

ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సులలో ఏదైనా ఒకటి అసలుది తీసుకెళ్ళండి. వీలైతే రెండు పెట్టుకోండి. పాన్ కార్డును నమ్ముకుని బయలుదేరవద్దు, దాని మీద చిరునామా ఉండదు. జిరాక్సు ప్రతులు, ఫోనులో తీసిన ఫొటోలు అసలు కార్డుకు బదులు కావు.

మన ఊళ్ళలో ఎక్కువమంది దగ్గర ఉన్న ఆధార్ పదేళ్ళ కిందట దిగిన ఫొటోతోనే ఉంటుంది. లామినేషన్ కింద ముఖం మసకబారి గుర్తుపట్టలేకుండా అవుతుంది. అలాంటి కార్డు ఉంటే ఇప్పుడే ఆధార్ కేంద్రానికి వెళ్ళి ఫొటో మార్పించి, ప్లాస్టిక్ కార్డు తెప్పించుకోండి. పోస్టులో రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ప్రయాణం ముందు వారంలో పెట్టుకునే పని కాదు.

పిల్లలకు ఆధార్‌తో పాటు జనన ధ్రువపత్రం కూడా పెట్టండి. తాతయ్య, నానమ్మలతో మాత్రమే పిల్లలు వెళ్తుంటే తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అంగీకార పత్రం, వారి ఆధార్ ప్రతులు దానికి జత చేయండి.

గర్భిణులు వారాలు లెక్క చూసుకోవాలి. సాధారణంగా 24వ వారంలోకి వచ్చినవారిని క్రూజ్ కంపెనీలు ఎక్కనివ్వవు. అంతకంటే తక్కువ వారాలైనా డాక్టరు రాసిన పత్రం అడుగుతారు. నెలల పిల్లలకు కూడా కనీస వయసు నిబంధన ఉంటుంది.

3. పేరు ఒక్కటిగా ఉందా?

నాకు తెలిసి ఎక్కువ ప్రయాణాలు చిక్కుల్లో పడేది ఇక్కడే. మన పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరం ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఓటరు కార్డులో ఇంటిపేరే ఉండకపోవచ్చు. పెళ్ళయిన ఆడపిల్లలకు ఒక కార్డులో పుట్టింటి పేరు, మరో కార్డులో అత్తింటి పేరు. 'య్య' దగ్గర ఇంగ్లిషు స్పెల్లింగు మూడు కార్డుల్లో మూడు రకాలు.

మా అక్క కుటుంబానికి జరిగింది చెబుతాను. బుకింగ్ ఏజెంటు బావగారి పేరును వాట్సాప్‌లో ఉన్నట్టే టైపు చేశాడు, అంటే అందరూ పిలిచే పేరు. ఆధార్‌లో ఉన్నది వేరు. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు అక్క బుకింగ్ కాగితం నాకు చూపించింది కాబట్టి సరిపోయింది. మార్చడానికి రుసుము కట్టాం, రెండు రోజులు ఫోన్లు చేశాం. అదే రేవు దగ్గర బయటపడి ఉంటే ఐదుగురి ప్రయాణం ఆగిపోయేది.

అందుకని ఇలా చేయండి. రేవులో చూపించబోయే కార్డును ఒక చేత్తో, బుకింగ్ కాగితాన్ని మరో చేత్తో పట్టుకుని ఇంగ్లిషు అక్షరాలను ఒక్కొక్కటిగా పైకి చదవండి. ఇంట్లో ఇంకొకరు వింటూ సరిచూడాలి. పుట్టిన తేదీని కూడా అలాగే చదవండి. తేడా కనిపిస్తే కార్డు మార్పించడం కంటే బుకింగ్‌లో పేరు సరిచేయించడం తొందరగా అవుతుంది.

పాస్‌పోర్టు మీద వెళ్తున్నట్టయితే బుకింగ్ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఉండవు, విడదీసి పూర్తిగా రాస్తారు. పాస్‌పోర్టు రాకముందే ఆధార్ పేరుతో విదేశీ క్రూజ్ బుక్ చేసినవారు, అది వచ్చిన రోజే ఈ పోలిక మళ్ళీ చేయాలి.

4. విదేశీ రేవు ఉంది, పాస్‌పోర్టు రాలేదు: ఎక్కడ ఆగిందో కనిపెట్టండి

"ఆలస్యమైంది" అని కూర్చుంటే పని కదలదు. ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

పాస్‌పోర్టు సేవా పోర్టల్ తెరిచి ఫైలు నంబరు, పుట్టిన తేదీ కొట్టండి. చాలామంది ఇక్కడ ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టిన రోజు వచ్చిన రిఫరెన్సు నంబరు కొట్టి, "ఏమీ చూపించడం లేదు" అని కంగారుపడతారు. అది వేరే నంబరు. కావాల్సింది కేంద్రంలో పని పూర్తయ్యాక ఇచ్చిన రసీదు మీది ఫైలు నంబరు. రసీదు పోగొట్టుకున్నవారు పోర్టల్‌లో తమ ఖాతా తెరిస్తే అక్కడ కనిపిస్తుంది. ఇంటర్నెట్ ఇబ్బందిగా ఉంటే 1800-258-1800 ఉచిత నంబరుకు ఫోను చేయవచ్చు. పాస్‌పోర్టు పేరుతో నకిలీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' లేకపోతే వివరాలు ఇవ్వకండి, డబ్బు కట్టకండి.

అక్కడ కనిపించే స్థితిని బట్టి:

*పోలీసు విచారణ దగ్గర ఉంటే:* విచారణ స్పెషల్ బ్రాంచ్ వారు చేస్తారు. మీరు దరఖాస్తులో రాసిన ప్రస్తుత చిరునామాకే వస్తారు. ఉద్యోగం, చదువు కోసం హైదరాబాద్‌లో ఉంటూ ఊరి చిరునామా రాసినవారి ఫైళ్ళు ఇక్కడే ఆగుతున్నాయి. ఇంటికి తాళం ఉంటుంది, "ఈ చిరునామాలో ఉండడం లేదు" అన్న నివేదిక పోతుంది. తెలియని నంబరు నుంచి వచ్చే ఫోన్లను ఈ రోజుల్లో వదిలేయకండి. ఆధార్, మెమో, ఫొటోలు, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరు ఇరుగుపొరుగువారి వివరాలు సిద్ధంగా పెట్టుకోండి. విచారణకు వచ్చినవారికి డబ్బు ఇవ్వాల్సిన పని లేదు. దరఖాస్తు రుసుములోనే అంతా అయిపోయింది.

*నివేదిక వచ్చి పరిశీలనలో ఉంటే, లేదా అభ్యంతరం కనిపిస్తే:* నల్లగొండ, మహబూబ్‌నగర్ హెడ్ పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్టు సేవా కేంద్రాలకు పదేపదే వెళ్తున్నవారిని చూస్తుంటాను. అక్కడ కాగితాలు, ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. మంజూరు చేసేది సికింద్రాబాద్‌లోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం. కాబట్టి పోర్టల్‌లోనే ఆ కార్యాలయానికి విచారణ (ఎంక్వైరీ) అపాయింట్‌మెంటు తీసుకుని వెళ్ళండి. బుకింగ్ కాగితం, రసీదు, అసలు పత్రాలన్నీ వెంట ఉండాలి. ఉదయం బస్సుకు వెళ్ళి మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చే పని అనుకోకండి, ఆ రోజంతా దానికే కేటాయించండి.

*ముద్రణ అయిపోయి పోస్టులో ఉంటే:* స్పీడ్ పోస్టు నంబరు మీ ఫోనుకు సందేశంగా వస్తుంది. ఆ నంబరుతో ఎక్కడుందో చూడవచ్చు. పోస్ట్‌మన్ కార్డు చూసి దరఖాస్తు చేసిన మనిషికే ఇస్తాడు. ఇంట్లో లేకపోతే పాస్‌పోర్టు కార్యాలయానికి వెనక్కి పోతుంది, మళ్ళీ రప్పించుకోవడానికి రోజులు పడుతుంది. మీ ఊరి పోస్టాఫీసుకు వెళ్ళి ముందే చెప్పి ఉంచండి. పల్లెల్లో ఈ ఒక్క పని చాలాసార్లు ఫలించింది.

ఒక హెచ్చరిక. మొదటి దరఖాస్తు నడుస్తుండగానే "ఇంకొకటి పెడితే ఏదో ఒకటి ముందు వస్తుంది" అని రెండోది పెట్టకండి. ఇంతకుముందు దరఖాస్తు చేసి పాస్‌పోర్టు రాని సందర్భం ఉందా అన్న ప్రశ్న ఫారంలోనే ఉంటుంది. లేదని రాస్తే తప్పుడు సమాచారం ఇచ్చినట్టు. చివరికి రెండు ఫైళ్ళూ ఆగుతాయి.

5. ఇంకా దరఖాస్తే చేయకపోతే తత్కాల్

36 పేజీల పెద్దల పాస్‌పోర్టుకు మామూలుగా 1,500 రూపాయలు. తొందరగా ఇచ్చే తత్కాల్ పద్ధతిలో మొత్తం 3,500. పెద్దలు ఆధార్, ఓటరు కార్డు, పాన్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, డ్రైవింగ్ లైసెన్సు వంటి వాటిలో మూడు చూపించాలి. ఆ మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండాలి. మళ్ళీ మూడో మెట్టే గుర్తుకు వస్తుంది.

తత్కాల్ అపాయింట్‌మెంటు ఏ కేంద్రంలో దొరుకుతుందో పోర్టల్ చూపిస్తుంది. మన జిల్లాలో తేదీ దొరక్కపోతే హైదరాబాద్ కేంద్రాలు చూడండి. పెద్దలు ఫొటోలు తీసుకెళ్ళనక్కర లేదు, అక్కడే తీస్తారు. నాలుగేళ్ళలోపు పిల్లలకు మాత్రం తెల్లటి నేపథ్యంతో ఫొటో తీసుకెళ్ళాలి. మైనర్లకు తల్లిదండ్రులిద్దరి అంగీకారం తెలిపే అనెక్షర్ డి కావాలి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది.

కేంద్రంలో మీ వివరాలు తెర మీద చూపించి సరేనా అని అడుగుతారు. తొందరపడి తల ఊపకండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు అక్షరం అక్షరం చదవండి. అప్పుడు వదిలేసిన తప్పు పుస్తకంలో అచ్చవుతుంది, దాన్ని దిద్దించడానికి మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ రుసుము.

6. మీకు మీరే ఒక గడువు పెట్టుకోండి

బుకింగ్ నిబంధనల్లో రద్దు రుసుము పట్టిక ఉంటుంది. ప్రయాణం దగ్గరపడే కొద్దీ కోత పెరుగుతుంది, చివరి రోజుల్లో ఏమీ తిరిగి రాదు. కోత పెద్దగా పెరిగే తేదీకి రెండు రోజుల ముందు తేదీని క్యాలెండరు మీద రాసి గోడకు తగిలించండి. ఆ రోజుకు పాస్‌పోర్టు పోస్టులో పడకపోతే మొదట తేదీ మార్పు అడగండి, అది కుదరకపోతే దేశీయ ప్రయాణంగా మార్చమనండి, అదీ కాకపోతేనే రద్దు చేయండి. "రేపు వచ్చేస్తుందేమో" అని మొత్తం డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలను చూసి చెబుతున్నాను. ప్రయాణ బీమా ఉంది కదా అనకండి. పత్రాలు అందక ఆగిన ప్రయాణాన్ని బీమా సాధారణంగా భరించదు.

7. పాస్‌పోర్టు వచ్చింది. ఇంకా ఏం చూడాలి?

పాత పాస్‌పోర్టు ఉన్నవారు గడువు చూడాలి. తిరిగి వచ్చే రోజు నుంచి కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలన్నది క్రూజ్ కంపెనీల మామూలు షరతు.

తర్వాత వీసా. ప్రతి రేవుకూ వేరుగా చూడాలి. సింగపూర్ నుంచి బయలుదేరి మళ్ళీ సింగపూర్‌కే వచ్చే ఓడ అనుకోండి. విమానం దిగినప్పుడు ఒకసారి, ఓడ దిగినప్పుడు మరోసారి, మొత్తం రెండుసార్లు ఆ దేశంలోకి ప్రవేశిస్తున్నట్టు లెక్క. ఒక్క ప్రవేశానికే ఇచ్చిన వీసా చాలదు. దుబాయ్ ప్రయాణాలకూ ఇదే సూత్రం.

8. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి అక్కడ ఓడ ఎక్కేవారికి

మన జిల్లాల నుంచి ఇది ఎక్కువైంది కాబట్టి వేరుగా రాస్తున్నాను. "అక్కడ జనన ధ్రువపత్రం చాలట, పాస్‌పోర్టు అక్కరలేదట" అని కొడుకు స్నేహితుడు చెప్పిన మాట పట్టుకుని అమ్మానాన్నలు ధైర్యంగా ఉంటారు. ఆ మాట అమెరికా పౌరులకు మాత్రమే వర్తిస్తుంది. అదీ అమెరికా రేవులో బయలుదేరి తిరిగి అదే రేవుకు చేరే ప్రయాణాలకే. వాటికి పౌరులు జనన ధ్రువపత్రం, ప్రభుత్వ ఫొటో కార్డు చూపించవచ్చు. 16 ఏళ్ళలోపు పిల్లలకు జనన ధ్రువపత్రం ఒక్కటే చాలు. అంటే మీ మనవరాలు దానితో ఎక్కగలదు, మీరు ఎక్కలేరు. మీకు భారత పాస్‌పోర్టు, అందులో అమెరికా వీసా, మధ్యలో తగిలే దేశాల అనుమతి కావాలి. ఓడ అమెరికా దాటి మళ్ళీ వస్తుంది కాబట్టి మీ వీసా ఎన్ని ప్రవేశాలకు ఇచ్చారో, ఎప్పటిదాకా ఉందో చూడండి.

మనవరాలికి కూడా పాస్‌పోర్టు ఉంటేనే మంచిదని నేను అంటాను. మధ్య రేవులో జ్వరం వచ్చి ఓడ తప్పిపోతే విమానంలో ఇంటికి రావడానికి జనన ధ్రువపత్రం పనికిరాదు.

మరో అపోహ: విదేశంలో పాస్‌పోర్టు పోతే మన రాయబార కార్యాలయం ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో క్రూజ్ పూర్తి చేయవచ్చని. అది భారతదేశానికి తిరిగి రావడానికి మాత్రమే, ఒకవైపు ప్రయాణానికి ఇచ్చే కాగితం.

9. రేవుకు బయలుదేరే ముందు

వెబ్ చెక్-ఇన్ గడువులోగా పూర్తి చేసి బోర్డింగ్ కాగితం ముద్రించుకోండి. ఓడ కదిలే సమయం, ఎక్కడం ఆపేసే సమయం ఒకటి కావు. రెండోది చాలా ముందే ఉంటుంది. నల్లగొండ నుంచి చెన్నైకి, విశాఖకు నేరుగా రైళ్ళున్నాయి, కానీ ఓడ రోజు ఉదయం దిగేలా పెట్టుకోకండి. ఒక రోజు ముందే చేరండి. మహబూబ్‌నగర్ నుంచి ముంబయి వెళ్ళేవారికి ఇది మరీ ముఖ్యం.

అసలు పత్రాలు చేతిసంచిలో ఉండాలి. పెద్ద పెట్టెలను రేవులోనే తీసుకుని గదికి పంపుతారు. పెట్టెలో పాస్‌పోర్టు పెట్టేసి వరుసలో నిలబడి వెతుక్కునేవారు ప్రతి ఓడకూ ఉంటారు.

పాస్‌పోర్టు అందలేదు, సెలవులు మాత్రం ఉన్నాయి

దేశీయ క్రూజ్‌లో చోటు దొరక్కపోతే చెన్నై నుంచి అండమాన్ వెళ్ళే ప్రయాణికుల ఓడలున్నాయి. విలాసాలు ఉండవు, దాదాపు మూడు రోజుల సముద్రం ఉంటుంది, గుర్తింపు కార్డు చాలు. అంత దూరం వద్దనుకుంటే మన కృష్ణమ్మే ఉంది. నీటిమట్టం బాగున్న నెలల్లో పర్యాటక శాఖ లాంచీలు నాగార్జునసాగర్ నుంచి, కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి శ్రీశైలానికి నడుస్తాయి. నల్లమల కొండల మధ్య గంటల తరబడి నీళ్ళ మీద సాగే ఆ ప్రయాణానికి ఆధార్ జేబులో వేసుకుంటే సరిపోతుంది. బయలుదేరే ముందు లాంచీ ఆ రోజు నడుస్తోందో లేదో ఫోను చేసి కనుక్కోండి. నీళ్ళు తగ్గితే ఆపేస్తారు.

ఓడ వెళ్ళిపోయాక పాస్‌పోర్టు వచ్చినా కవరు చింపి బీరువాలో పెట్టేయకండి. మొదటి, చివరి పేజీల్లోని ప్రతి అక్షరం చదివి, సంతకం చేయాల్సిన చోట చేసి, నంబరును వేరే కాగితం మీద రాసుకోండి. తత్కాల్‌లో తీసుకున్నవారికైతే పుస్తకం చేతికి వచ్చిన తర్వాత కూడా పోలీసు విచారణ ఉండవచ్చు. ఆ ఫోను వచ్చే దాకా ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.